చివరి ఊరికి రెండు సెకన్లు

డిలే టాలరెంట్ నెట్‌వర్క్‌ని తెలుగులో ఏమనాలి? "ఆలస్య సహిష్ణు జాలం" అంటే నిఘంటువు పక్కన పెట్టుకుని చదవాలి. "ఓపికవల" అందామా అని ఒక మిత్రుణ్ణి అడిగితే "అదేమన్నా చేపలు పట్టేదా?" అని ఎగతాళి చేశాడు. ఎగతాళైనా నాకు మాట నచ్చింది. మాది ఉద్దానం. వల అంటే మాకు ముందు సముద్రమే గుర్తొస్తుంది, నెట్‌వర్కు ఆ తర్వాత. అయినా చదివేవాళ్ళ ఓపికని పరీక్షించకుండా ఈ టపాలో డీటీఎన్ అనే రాస్తాను.

ఇంతకీ ఏమిటిది? మనం రోజూ రాసే ప్రోగ్రాములన్నిటికీ లోపల ఒక నమ్మకం ఉంటుంది: అవతలివాడు ఇప్పుడే, ఈ క్షణంలోనే లైన్లో ఉన్నాడని. టీసీపీ మొదట చేసే పనే అది. "ఉన్నావా?" "ఉన్నాను, నువ్వున్నావా?" "ఉన్నాను" అనుకున్నాక గానీ అసలు మాట మొదలవదు. భూమి నుంచి అంగారకుడికి సిగ్నల్ ఒకవైపు వెళ్ళడానికే, దూరాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. అక్కడ ఈ పలకరింపులు కుదరవు. అంత దూరం ఎందుకు, 500 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే చిన్న ఉపగ్రహం మన నెత్తి మీద కనబడేది మహా అయితే పది నిమిషాలు. అది కనబడేటప్పుడు, కబురు అందుకోవలసిన ఊరు దానికి కనబడకపోవచ్చు. అంటే ఈ చివర నుంచి ఆ చివర దాకా పూర్తి దారి ఒకేసారి ఎప్పుడూ ఉండదు. అయినా కబురు చేరాలి.

దీనికి జవాబు మన పల్లెటూళ్ళకి కొత్తేం కాదు. రాత్రి ఊళ్ళో ఆగిపోయే నైట్ హాల్ట్ బస్సు గుర్తుందా? పొద్దున్న ఆ బస్సు బయల్దేరేటప్పుడు కండక్టరు చేతిలో ఉత్తరమో, మందుల చీటీయో, పనసపండో పెట్టేవాళ్ళు. పలాస కాంప్లెక్సులో ఒకాయన తీసుకుంటాడు. ఆయన బస్సొచ్చే టైముకి అక్కడ లేకపోతే ఏ కొట్లోనో పెట్టి ఉంచుతారు. దాచుకో, మోసుకెళ్ళు, దారి దొరికినప్పుడు అందించు. డీటీఎన్ సూత్రం మొత్తం ఇంతే. దీన్ని నిజంగానే బస్సుల మీద చేసి చూశారు కూడా. 2000ల మొదట్లో డాక్‌నెట్ అనే ప్రాజెక్టులో కర్ణాటకలోని దొడ్డబళ్ళాపుర ప్రాంతంలో బస్సుకి వై-ఫై పెట్టె బిగించారు. బస్సు ఊళ్ళోకి రాగానే అక్కడి కంప్యూటరు డేటాని ఎక్కించుకోవడం, పట్నం చేరగానే దించడం. పేరులో డాక్ అంటే టపాయే.

ఇక అంతరిక్షం సంగతి. 1998 ప్రాంతంలో వింట్ సెర్ఫ్, జేపీఎల్ వాళ్ళు గ్రహాల మధ్య ఇంటర్నెట్ ఎలా ఉండాలని మొదలుపెట్టారు. 2003లో కెవిన్ ఫాల్ తన పేపర్లో దాన్ని భూమ్మీది "కష్టాల నెట్‌వర్కు"లకి కూడా వర్తింపజేశాడు. 2007లో ఆర్‌ఎఫ్‌సీ 4838, 5050 వచ్చాయి. 2008లో యూకే-డీఎంసీ అనే ఉపగ్రహం బండిల్ ప్రోటోకాల్‌ని కక్ష్యలో వాడి చూసింది. 2022లో ఆర్‌ఎఫ్‌సీ 9171గా ఏడో వెర్షన్ వచ్చింది. 2024 ఫిబ్రవరిలో నాసా పంపిన పేస్ ఉపగ్రహం రోజువారీ పనికే దీన్ని వాడుతోంది. కాబట్టి ఇది పీహెచ్‌డీలకి పరిమితమైన వ్యవహారమేం కాదు.

నేను చెప్పాలనుకున్నది ప్రోటోకాల్ గురించి కాదు. దానికంటే ముందు జరిగే పని ఒకటుంది: కాంటాక్ట్ ప్లాన్.

బస్సు ఎప్పుడొస్తుందో ఖచ్చితంగా చెప్పలేం. ఉపగ్రహం అలా కాదు, వచ్చే వారం ఎన్ని గంటల ఎన్ని సెకన్లకి మన కొండ మీద పొడుస్తుందో ఇవాళే చెప్పొచ్చు. అందుకని ఎవరు, ఎవరితో, ఎప్పట్నించి ఎప్పటిదాకా, సెకనుకి ఎన్ని బిట్ల చొప్పున మాట్లాడొచ్చో ముందే ఒక పట్టిక రాసుకుని అన్ని నోడ్లకీ పంచుతారు. అదే కాంటాక్ట్ ప్లాన్. ఒక్కో వరస ఒక కాంటాక్ట్. జేపీఎల్‌కి చెందిన స్కాట్ బర్లీ తయారుచేసిన కాంటాక్ట్ గ్రాఫ్ రూటింగ్ ఈ పట్టికని చూసే ఏ బండిల్‌ని ఎవరి చేతికివ్వాలో లెక్క వేస్తుంది. ఒక విధంగా రైల్వే టైమ్ టేబుల్ చూసి "విజయనగరంలో దిగి రాయగడ బండి ఎక్కాలి" అని మనం అనుకోవడం లాంటిదే.

ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహం రోజుకి దాదాపు 15 చుట్లు తిరుగుతుంది. మన అక్షాంశాల దగ్గర, అంటే షాద్‌నగర్‌లోని ఎన్నార్‌ఎస్‌సీ కేంద్రానికైనా, శ్రీకాకుళానికైనా, అందులో కనబడేవి మూడో నాలుగో. ధ్రువాలకి దగ్గర్లో ఉంటే ఇంకా చాలా ఎక్కువ. మన వాళ్ళు 2013లో అంటార్కిటికాలోని భారతి స్థావరంలో గ్రౌండ్ స్టేషను పెట్టి, అక్కడ దింపుకున్న డేటాని ఇంకో ఉపగ్రహం ద్వారా షాద్‌నగర్‌కి తెప్పించుకుంటున్నది అందుకే. కాంటాక్టులు దొరికే చోటికి మనమే వెళ్ళడమన్నమాట.

సరే, టైములన్నీ తెలుసు కదా, మరి "ప్లాన్" చెయ్యడానికేముంది? పట్టిక ప్రింటు తీసి పంచేస్తే పోలా? ఇక్కడే ఉంది తిరకాసు. కనబడటం వేరు, మాట్లాడగలగడం వేరు. ఉపగ్రహానికి ఒకేసారి నలుగురు కనబడొచ్చు, ట్రాన్స్‌పాండరు ఒకటే ఉండొచ్చు. బ్యాటరీ చాలకపోవచ్చు. యాంటెన్నా ఒకవైపే తిరిగి ఉండొచ్చు. సాధ్యమయ్యే కాంటాక్టుల్లోంచి కొన్నిటిని ఎంచుకుని మిగతావి కొట్టెయ్యాలి. ప్లాన్ చెయ్యడం అంటే అసలు పని ఆ కొట్టెయ్యడమే.

కొత్తవలస-కిరండూల్ లైన్లో పాసింజరు ఎక్కినవాళ్ళకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. సింగిల్ లైను ఉన్నచోట పైనుంచి ఇనుప ఖనిజం గూడ్సు దిగుతూ ఉంటుంది, మన బండిని లూప్ లైన్లో పెట్టేస్తారు. "క్రాసింగ్ ఉందట" అని పక్కాయన అంటాడు, వేరుశనక్కాయలు అయిపోతాయి, బండి కదలదు. కంట్రోలర్ లెక్కలో తప్పేం లేదు. టన్నులు ఎక్కువ పోయే దారికే మొగ్గు. కాకపోతే ప్రతిసారీ ఆగేది ఎవరు అన్న ప్రశ్న ఆ లెక్కలో ఉందా లేదా అన్నదే పాయింటు.

దీన్ని ఉపగ్రహానికి వర్తింపజేసి ఒక చిన్న లెక్క చేద్దాం. అంకెలు నేను ఊహించుకున్నవే, లెక్క మాత్రం మీరూ వేసి చూసుకోవచ్చు. డేటా పంపేవి మూడు చోట్లు. ఒకటి విశాఖ: పెద్ద యాంటెన్నా, సెకనుకి 10 మెగాబిట్లు. రెండోది భావనపాడు తీరంలో ఒక పడవల రేవు: చిన్న పెట్టె, సెకనుకి 1 మెగాబిట్. మూడోది సాలూరు కొండల మీద వాన కొలిచే పరికరం: అదీ 1 మెగాబిట్టే. ఉపగ్రహానికి రిసీవరు ఒకటే, ఒకసారి ఒకరినే వినగలదు. విశాఖ నుంచి ఇచ్ఛాపురం దాకా ఉన్న కోస్తా అంతా ఉపగ్రహం దాటడానికి అర నిమిషం చాలు, దాని వేగం అలాంటిది. కాబట్టి మూడు చోట్లూ దానికి దాదాపు ఒకేసారి కనబడి, ఒకేసారి మాయమవుతాయి. నీ తర్వాత నేను అనడానికి లేదు. ఉన్నది ఎనిమిది నిమిషాలు, అంటే 480 సెకన్లు.

మొత్తం డేటా గరిష్ఠంగా ఉండాలని ఆప్టిమైజర్‌కి చెప్తే ఏం చేస్తుంది? 480 సెకన్లూ విశాఖకే రాసిస్తుంది. 4800 మెగాబిట్లు. అంతకంటే మంచి జవాబు లేదు. తర్వాతి పాస్ గంటన్నరకో, పన్నెండు గంటలకో వస్తుంది. అప్పుడూ అదే ప్రశ్న, అదే జవాబు. భావనపాడు వంతు "తర్వాత" వస్తుందనుకుంటాం గానీ, ఆ ఫార్ములా ఉన్నంతకాలం ఎప్పటికీ రాదు. డీటీఎన్‌లో డిలేకి ఓర్చుకోమన్నారు, బాగానే ఉంది. ఎల్లకాలం ఓర్చుకోమనడం డిలే అనిపించుకోదు.

ఇప్పుడు ఆ రెండు చోట్లకీ రెండేసి సెకన్లు ఇద్దాం. వాన ఎంత పడిందో చెప్పడానికి 200 బైట్లు చాలు, రెండు సెకన్లంటే దానికి పెళ్ళిభోజనం. విశాఖకి 476 సెకన్లు మిగిలాయి, 4760 మెగాబిట్లు. ఈ ఇద్దరివీ నాలుగు కలిపితే 4764. నష్టం 36 మెగాబిట్లు, ముప్పావు శాతం. రిసీవరు అటూ ఇటూ తిప్పడానికి మలుపుకి రెండు సెకన్ల చొప్పున మూడు మలుపులు వేసుకున్నా మొత్తం నష్టం రెండు శాతం. ఆ రెండు శాతానికి వచ్చేదేమిటి? సాలూరు కొండల్లో పడ్డ వాన వేగావతిలోకి, అక్కణ్ణుంచి నాగావళిలోకి దిగి శ్రీకాకుళం ఊరి మధ్యలోంచే పోతుంది. కొండ మీది పెట్టె చెప్పే 200 బైట్లు కింద పట్నంలో ఉన్నవాళ్ళ కోసమే. చివరి ఊరికి దయతో ఇచ్చే వాటా అనుకుంటే పొరపాటు.

ఈ విషయం పరిశోధకులకి తెలియదని కాదు. అర్జెంటీనాకి చెందిన హువాన్ ఫ్రైరే, హోర్హే ఫినోకియెట్టో 2015లో కాంటాక్ట్ ప్లాన్లు తయారుచెయ్యడంలో ఉన్న చిక్కుల మీద ఒక మంచి వ్యాసం రాశారు. ఎవరెవరికి లింకు కుదురుతుందన్నది మాత్రమే చూసి అందరికీ సమానంగా పంచే ప్లాన్ ఒక రకం. రూటింగ్ ఎటు పోతుందో చూసి వేసేది ఇంకో రకం. రేపు ఎవరు ఎంత డేటా పంపబోతున్నారో కూడా తెలుసుకుని వేసేది మూడోది. సమాచారం పెరిగేకొద్దీ ప్లాన్ మెరుగవుతుంది. ఇంజినీరుగా నాకు మూడోదే ముద్దొస్తుంది. ఉద్దానం వాడిగా మాత్రం దాన్ని చూస్తే భయం. ఎందుకంటే రేపటి ట్రాఫిక్ ఎలా తెలుస్తుంది? నిన్నటిది చూసి. తుఫాను ముందురోజు దాకా భావనపాడు పెట్టె చెప్పిందేమిటి? ఏమీ లేదు. కాబట్టి రేపటి ప్లాన్‌లో దానికి సున్నా. సరిగ్గా దానికి మాట అవసరమైన రోజున.

2018 అక్టోబరు 11, గురువారం తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర్లో తీరం దాటింది. వజ్రపుకొత్తూరు, సోంపేట వైపు కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. కరెంటు పోయింది, టవర్లు పోయాయి. నేను హైదరాబాదులో కూర్చుని గంటకి పదిసార్లు ఇంటికి ఫోన్ కొట్టడం, "మీరు ప్రయత్నిస్తున్న నంబరు" అని వినడం. శుక్రవారమంతా అంతే. శనివారం పొద్దున్న మా పెదనాన్న గారి అబ్బాయి నుంచి ఒక మెసేజ్: "మీ ఇంటికాడ అందరూ బాగున్నారు. చెట్లు పోయాయి. ఫోన్ చెయ్యొద్దు."

సంగతేమిటంటే అన్నయ్య ఇల్లిల్లూ తిరిగి ఒక కాగితం మీద ఇరవై మూడు నంబర్లు రాసుకున్నాడు. పడిపోయిన చెట్ల మధ్య బండిని కొంత నడిపి, కొంత తోసుకుంటూ సిగ్నల్ దొరికే దాకా టెక్కలి వైపు వెళ్ళాడు. ఫోన్లో బ్యాటరీ ఒక గీత. ఆసుపత్రిలో మనుషులున్న ఇళ్ళ వాళ్ళకి ముందు, గల్ఫులో ఉన్నవాళ్ళకి తర్వాత, మాలాంటి హైదరాబాదు సాఫ్టువేర్లకి ఆఖర్న పెట్టాడట. తర్వాత ఊరెళ్ళినప్పుడు, "ఒక్క కాల్ చేసుంటే పోయేది కదా అన్నయ్యా" అన్నాను. "ఫోన్ సేస్తే ఏటవుతాది? నువ్వు పది ప్రెశ్నలేస్తావు, బేటరీ సచ్చిపోతాది. మెసేజయితే ఊరందరికీ సరిపోతాది" అన్నాడు. మాకెవరికీ పాతిక అక్షరాలకంటే ఎక్కువ రాలేదు, ఎవరికీ రాకుండా కూడా పోలేదు. వెనక్కి వచ్చేటప్పుడు తనకొచ్చిన జవాబుల్ని కూడా ఊళ్ళోకి మోసుకొచ్చి ఇంటింటికీ చెప్పాడు. స్టోర్, క్యారీ, ఫార్వర్డ్, ప్రయారిటీ, పవర్ బడ్జెట్, అక్‌నాలెడ్జ్‌మెంటు అన్నీ ఉన్నాయి అందులో. టెంత్‌తో చదువు ఆపేసిన మనిషి.

దీనికి నాలుగేళ్ళ ముందు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదే తీరం దాటింది. అప్పుడు పోయింది చివరి ఊరు కాదు, కేంద్రమే. విజయనగరం నుంచి, శ్రీకాకుళం నుంచి అన్నీ విశాఖ మీదుగానే వెళ్ళాలి అని రాసిన ప్లాన్ ఏదైనా ఆ రోజు కాగితమే. అందుకని ప్లాన్ రాసేటప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోవాలంటాను. ఒకటి, ఈ పట్టికలో ఎవరికి సున్నా వచ్చింది? రెండు, పట్టికలో అందరికంటే ఎక్కువసార్లు కనబడే పేరుని కొట్టేస్తే మిగిలేదేమిటి? మొదటిది తిత్లీ ప్రశ్న, రెండోది హుద్‌హుద్ ప్రశ్న. ఈ రెండూ అల్గారిదమ్ తనంతట తాను వేసుకోదు. మనం ఆబ్జెక్టివ్ ఫంక్షన్లో రాస్తేనే వేసుకుంటుంది.

మూడో సంగతి జవాబు రావడం. తీరం నుంచి పది పన్నెండు కిలోమీటర్లు దాటితే మామూలు ఫోన్లు పనిచెయ్యవు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ వాళ్ళు తుఫాను హెచ్చరికలు, చేపలు దొరికే చోట్ల సమాచారం సముద్రంలోకి పంపడానికి 2019 అక్టోబరులో జెమిని అనే పరికరం తెచ్చారు. గగన్ ఉపగ్రహాల నుంచి వచ్చిన మెసేజ్‌ని అది బ్లూటూత్ ద్వారా ఫోన్లో చూపిస్తుంది. మంచి పనే, కాకపోతే ఒకవైపు దారి. పడవలో ఉన్నవాడు వినగలడు, పలకలేడు. ఇటునుంచి అటు ఆపద కబురు పంపడానికి ఇస్రో తయారుచేసిన డిస్ట్రెస్ అలర్ట్ ట్రాన్స్‌మిటర్ 2010 నుంచీ ఉంది. దాంతో పలకగలడు గానీ, విన్నారో లేదో తెలిసేది కాదు. నడిసముద్రంలో బటన్ నొక్కి, అందిందా లేదా అని తెలియకుండా కూర్చోవడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. 2024 జనవరిలో ఇస్రో ప్రకటించిన రెండో తరం పరికరంలో ఆ లోటు తీర్చారు. "మీ కబురు అందింది" అని పడవకి తిరిగి జవాబు వస్తుంది. బ్యాండ్‌విడ్త్ లెక్కలో ఆ జవాబు ఓ ముక్కకి కూడా రాదు. ప్లాన్‌లో తిరుగు కాంటాక్ట్‌కి చోటు లేకపోతే మాత్రం ఎంత బ్యాండ్‌విడ్త్ ఉన్నా రాదు.

"ఇంకెన్నాళ్ళండీ ఈ ఓపికవలలు, 2025లో స్టార్‌లింక్‌కి మన దేశంలో లైసెన్సు కూడా వచ్చింది, అందరూ ఎప్పుడూ ఆన్‌లైనే" అంటారా? రానివ్వండి, సంతోషం. కానీ ఆకాశంలో వేల ఉపగ్రహాలున్నా కిందనున్న డిష్షుకి కరెంటు కావాలి. తిత్లీ తర్వాత మా వైపు కొన్ని ఊళ్ళకి కరెంటు రావడానికి రోజులు పట్టింది. పైగా అన్ని ఉపగ్రహాలున్నచోట కూడా ఏ క్షణంలో ఏ బీము ఎవరి మీద పడాలో ఎవరో ఒకరు ప్లాన్ వెయ్యాల్సిందే. డబ్బులిచ్చేవాళ్ళు ఎక్కువున్న చోటే పడుతుందన్నది చెప్పక్కర్లేదు. ఉపగ్రహాలు పెరిగితే ఆగే సమయం తగ్గుతుంది. ఎవరు ఆగాలన్న నిర్ణయం మాత్రం ఎక్కడికీ పోదు.

ఇదంతా ఆకాశం కబుర్లు, మనకెందుకు అనుకోకండి. మనం రాసే మామూలు యాప్‌లలో జరిగేది ఇదే. రేషన్ షాపులో వేలిముద్రకి నెట్ కావాలి కాబట్టి మన్యంలో సిగ్నల్ కోసం జనం కొండెక్కిన వార్తలు మనం చదివినవే. బియ్యం అక్కడే ఉన్నాయి, మనిషి అక్కడే ఉన్నాడు, లేనిదల్లా ఆ క్షణంలో ఒక సర్వరు. నేను ఇదివరకు పనిచేసిన ఒక చోట ఊళ్ళల్లో సర్వే చేసేవాళ్ళ కోసం యాప్ కడుతున్నప్పుడు, నెట్ లేకపోతే డేటా ఫోన్లోనే దాచి తర్వాత పంపేలా చేద్దామని ముగ్గురం పట్టుబట్టాం. "అది ఎడ్జ్ కేస్, ఫేజ్ టూలో చూద్దాం" అన్నారు. ఫేజ్ టూ రాలేదు. సర్వే చేసే అమ్మాయిలు మాత్రం పొద్దున్న కాగితం మీద రాసుకుని, సాయంత్రం మండల కేంద్రానికొచ్చి మళ్ళీ టైపు చేసేవారు. అంటే ఆ క్యూ ఉంది, మనం రాయని కోడ్‌ని వాళ్ళు చేత్తో నడిపారు. ఇక్కడ "ఎడ్జ్" అంటున్నది మా ఊళ్ళనే.

అందుకని నా తోటి కోడర్లకి నాదొక చిన్న విన్నపం. మీరు ఉపగ్రహాలకి షెడ్యూలర్ రాసినా, మెసేజ్ క్యూ రాసినా, బ్యాచ్ జాబ్ రాసినా "మొత్తం ఎంత పోయింది" అనే అంకె పక్కన "అందరికంటే ఎక్కువసేపు ఆగినవాడు ఎంతసేపు ఆగాడు" అనే ఇంకో అంకె ప్రింటు చెయ్యండి. ఒక్క లైను కోడ్. రెండో అంకె మీటింగులో గోడ మీద కనబడితే, ముప్పావు శాతం ఇవ్వడానికి ఎవరూ అభ్యంతరం చెప్పరని నా నమ్మకం. కనబడకపోతే ఎవరూ అడగరన్నది మాత్రం అనుభవం.

అక్టోబరు ప్రతి ఏడూ వస్తుంది. ఉపగ్రహం టైమే కాదు, తుఫాన్ల కాలమూ మనకి ముందే తెలుసు. ప్లాన్ వేసుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి?